చలి రాకముందే ఇల్లు ఆరాలి

ప్రొద్దుటూరులో ఉండే మా అక్క ఏటా నవంబర్‌లో ఫోన్ చేసి, "చలి మొదలైందా? స్వెట్టర్లు బయటికి తీశావా?" అని అడుగుతుంది. స్వెట్టర్ల వంతు మా ఇంట్లో ఆఖరున వస్తుంది. అంతకు ముందు మిద్దె, గోడలు, గీజర్, అల్మారాలు చూసుకోవాలి. దీపావళి వెళ్లిందంటే నేను ఆ పనుల్లో పడతాను.

మేముండేది బెంగళూరు రామమూర్తినగర్‌లో. 30×40 అడుగుల సైటులో కట్టిన పాత ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు, ఆ పైన మిద్దె. ఈ ఊరు సముద్రమట్టానికి 920 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి డిసెంబర్, జనవరి రాత్రుల్లో 15, 16 డిగ్రీలకు దిగుతుంది. 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది, ఇప్పటికీ ఈ ఊరి రికార్డు అదే. ఢిల్లీలో ఉండేవాళ్లకు ఇదొక చలే కాదు. అయితే ఇక్కడ చలికాలం వచ్చే వరుస వేరు. ఏడాది మొత్తంలో బెంగళూరుకు ఎక్కువ వాన పడేది సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో. గోడలు, స్లాబు, పిట్టగోడలు అప్పటికే నీళ్లు తాగి ఉంటాయి. అవి ఆరకముందే ఎండ తగ్గుతుంది, రాత్రుళ్లు చల్లబడతాయి. నవంబర్‌లో బంగాళాఖాతంలో ఒక వాయుగుండం లేచిందంటే ఇక్కడ నాలుగు రోజులు సూర్యుడు కనబడడు, తుంపర్లు ఆగవు. అందుకే ఇక్కడ ఇంటిని చలికి సిద్ధం చేయడమంటే ముందుగా ఇంట్లో చెమ్మను బయటికి పంపడమే అని నేను గట్టిగా నమ్ముతాను. చల్లగాలి వీచిన మొదటి సాయంత్రమే కిటికీలన్నీ బిగించేసిన ఇళ్లలో సంక్రాంతికల్లా గోడల మూలలు నల్లబడతాయి.

ఇంత పట్టుదల ఎందుకంటే మా అత్తమ్మకు ఉబ్బసం. డెబ్భై దాటిన మనిషి. పొడిగా ఉండే చలిని ఆమె బాగానే ఓర్చుకుంటుంది. ఒక శాలువా, ఒక గ్లాసు మిరియాల పాలు చాలు. గదిలో చెమ్మ వాసన చేరిందంటే మాత్రం తెల్లవారుజామున మూడింటికి దగ్గు మొదలవుతుంది, ఇన్‌హేలర్ తీయాల్సిందే. ఇల్లు ఆరిందో లేదో నాకు ఆమె నిద్రను బట్టే తెలిసిపోతుంది.

ఆమె గది ఉత్తరం వైపు. ఈ ఊళ్లో చలికాలంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఉత్తరపు గోడే. బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు గోడకు ఎండ తగులుతుంది. ఆ తర్వాత సూర్యుడు దక్షిణానికి జరిగిపోతాడు. డిసెంబర్‌లో అయితే మధ్యాహ్నం పన్నెండింటికి కూడా దక్షిణం వైపు బాగా వాలే ఉంటాడు. అంటే వానలు దంచే నెలల్లోనూ, ఆ వెనక వచ్చే చలి నెలల్లోనూ ఉత్తరపు గోడకు ఎండ ఉండదు. మాకు ఆ వైపు పక్కింటి గోడ చేయి చాపితే అందేంత దగ్గర కావడంతో గాలి కూడా సరిగా ఆడదు. అక్టోబర్‌లో ఆ గోడ బయట పాచి పట్టి పచ్చగా ఉంటుంది.

లోపల అదే గోడకు రెండు చోట్ల మచ్చలొచ్చేవి. ఒకటి కిటికీ పైన సజ్జ ఉండే ఎత్తులో, పెయింటు పొక్కి తెల్లగా ఉప్పు తేలేది. రెండోది అల్మారా వెనక, చిన్న చిన్న నల్ల చుక్కలుగా ఫంగస్. వచ్చిన పెయింటర్లు రెండింటికీ ఒకటే మందు చెప్పారు: గీకేసి పుట్టీ పెట్టి, డ్యాంప్‌ప్రూఫ్ పెయింటు వేద్దామని. నాకు నమ్మకం కుదరలేదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియకుండా పైన ఎంత పూసినా లాభమేముంది?

దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది, ఖర్చు కూడా ఏమీ లేదు. మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటును అడుగు పొడవు, అడుగు వెడల్పు కత్తిరించి, మచ్చ ఉన్న చోట గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో బాగా మూసేయాలి. ఒకటి రెండు రోజులు అలాగే ఉంచాలి. షీటుకూ గోడకూ మధ్య, లోపలి వైపు చెమ్మ పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. షీటు బయట, మన వైపు చెమ్మ పడితే అది గదిలోని గాలిలో ఉన్న తేమ. వెచ్చని గాలి ఎక్కువ తేమను మోస్తుంది, చల్లని గోడ తగలగానే దాన్ని అక్కడే వదిలేస్తుంది. నేను రెండు చోట్లా షీట్లు అంటించాను. సజ్జ దగ్గర లోపలి వైపు నీటి చుక్కలు కట్టాయి. అల్మారా పక్కన అంటించినదానికి బయటి వైపు చెమ్మ పట్టింది. ఒకే గోడకు రెండు రోగాలు, రెండింటికీ వేర్వేరు వైద్యం చేయాలి.

సజ్జ దగ్గరి పనికి మా మేస్త్రీని పిలిపించాను. ఆయనది కదిరి, ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడే పని చేస్తున్నాడు. నిచ్చెన వేసుకుని చూసి, సజ్జ గోడలో కలిసే చోట వెంట్రుకవాసి పగులు ఉందన్నాడు. సజ్జ మీద వాలు కూడా గోడ వైపే ఉంది. వాన నీళ్లు బయటికి జారకుండా ఆ పగుల్లోకి వెళ్తున్నాయి. "వెంటనే కోటింగ్ వేసేయొచ్చు కదా?" అంటే ఒప్పుకోలేదు.

"తడి గోడ మీద కోటింగ్ వేస్తే లోపలి నీళ్లు ఎటు పోతాయక్కా? రెండు నెలల్లో పొక్కులొచ్చి ఊడిపోతుంది. ఇప్పటికి పగులు మూస్తా, వాలు సరిచేస్తా. కోటింగ్ మాట బాగా ఎండలు పడినాక చూద్దాం."

ఆయన మాట విన్నాను. పగులును 'వి' ఆకారంలో కాస్త వెడల్పు చేసి, దుమ్మంతా దులిపి, పాలిమర్ కలిపిన సిమెంటుతో నింపాడు. సజ్జ మీద పల్చగా సిమెంటు వేసి వాలును బయటికి తిప్పాడు. సజ్జ కింది అంచున పొడుగునా చిన్న గాడి కూడా తీశాడు. అది ఉంటే నీటిబొట్టు అంచు దగ్గరే కిందికి రాలిపోతుంది, సజ్జ అడుగుభాగం వెంట పాకి గోడదాకా రాదు. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు ఈ గాడి గురించి మేస్త్రీని తప్పక అడగండి. ఇప్పుడు చాలామంది దాన్ని వదిలేస్తున్నారు.

అల్మారా వెనక సంగతి నా చేతిలో పని. అల్మారాను గోడకు జానెడు దూరం జరిపాం. ఫంగస్‌ను పొడిగా చీపురుతో దులపకూడదు. ఆ పొడి గాలిలోకి లేచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది విషంతో సమానం. ఆ రోజు అత్తమ్మను ముందు గదిలో కూర్చోబెట్టి తలుపు మూశాను. మాస్కు, గ్లౌజులు వేసుకుని, కిటికీ తెరిచి, ఫంగస్‌ను ముందు సబ్బునీళ్లతో తడిపి, తడిగుడ్డతోనే తుడిచాను. తర్వాత నీళ్లలో పల్చగా కలిపిన బ్లీచింగ్ ద్రావణం రాసి, కాసేపాగి మళ్లీ తుడిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాను. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకండి. బ్లీచింగ్‌ను బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్లతో గానీ ఎప్పుడూ కలపకూడదు. యాసిడ్ తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక మిద్దె. మా వీధిలో ఆకాశమల్లె చెట్లున్నాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తెల్లటి పొడుగు పూలు తెల్లారేసరికి మిద్దె నిండా రాలి ఉంటాయి. వాసన ఎంత బాగుంటుందో, నీళ్లు పోయే గొట్టాలకు అంత చేటు. ఆ పూలు తడిసి ముద్దయి గొట్టం మూతిలో ఇరుక్కుంటే మిద్దె మీద నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు స్లాబులోకి దిగుతాయి. అందుకే గొట్టాల మూతులకు జాలీలు పెట్టించాను. రోజూ పొద్దున మొక్కలకు నీళ్లు పోసేటప్పుడు చేత్తో ఎత్తేస్తాను. స్లాబు కారుతోందో లేదో అనుమానముంటే వాన కోసం ఎదురుచూడక్కర్లేదు. గొట్టాలకు గుడ్డలు కుక్కి, మిద్దె మీద రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, ఒక రోజంతా కింద కప్పును గమనిస్తే తెలిసిపోతుంది.

ఆ గొట్టాలు కింద వాననీటి ఫిల్టరులోకి వెళ్తాయి. 2009లో చట్టం సవరించి, 2,400 చదరపు అడుగులు, అంతకు మించిన సైటులో ఉన్న పాత ఇళ్లకూ, 1,200 చదరపు అడుగులు, అంతకు మించిన సైటులో కట్టే కొత్త ఇళ్లకూ వాననీటి సేకరణను ఇక్కడ తప్పనిసరి చేశారు. మా ఇల్లు చిన్నది, పాతది కాబట్టి ఆ లెక్కలోకి రాదు. అయినా పెట్టించుకున్నాం. వానలు తగ్గగానే ఫిల్టరులోని కంకర తీసి కడగాలి. అది బురదతో నిండితే నీళ్లు వెనక్కి తన్ని పునాది పక్కనే ఇంకుతాయి, అక్కడి నుంచి గోడ మొదట్లోకి ఎక్కుతాయి. సంపు మూత చుట్టూ పగుళ్లు చూడటం, సంపు కడిగించడం కూడా అదే రోజు పెట్టుకుంటాను.

వేడినీళ్ల సంగతికి వస్తే కాస్త ఎక్కువే చెప్పాలి. మా మిద్దె మీద సోలార్ హీటర్ ఉంది, గాజు గొట్టాల రకం. దక్షిణానికి వాల్చి పెడతారు కాబట్టి, సూర్యుడు దక్షిణాన కిందికి దిగే డిసెంబర్‌లో ఆకాశం తేటగా ఉన్నంతకాలం అది చక్కగానే పనిచేస్తుంది. మబ్బు పట్టిన రోజుల్లోనే గీజర్ కావాలి. వానలు పోయాక పక్కన ఎక్కడో ఒక చోట ఇల్లు కడుతూనే ఉంటారు, ఆ దుమ్మంతా గొట్టాల మీద పేరుకుంటుంది. నెలకోసారి పొద్దున్నే, గొట్టాలు చల్లగా ఉన్నప్పుడు మెత్తని గుడ్డతో తుడవాలి. ట్యాంకులో నీళ్లు అయిపోయి గొట్టాలు ఎండలో ఖాళీగా కాలి ఉంటే, మోటారు వేసి వెంటనే చన్నీళ్లు వదలకూడదు. గాజు ఫట్‌మని పగులుతుంది. రాత్రి చల్లబడేదాకా ఆగి, తెల్లవారుజామున నింపుకోవాలి.

మిద్దె మీది నుంచి కింద బాత్రూమ్ దాకా వచ్చే వేడినీళ్ల పైపుకు నల్లటి ఫోమ్ తొడుగు వేయిస్తారు. ఎండకు అది రెండు మూడేళ్లలో పొడిపొడిగా రాలిపోతుంది. తొడుగు లేని పైపులో రాత్రంతా నిలిచిన నీళ్లు పొద్దున చల్లగా వస్తాయి. వేడినీళ్లు వచ్చేదాకా బకెట్ల కొద్దీ వదిలేయాలి. కావేరి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో అలా నీళ్లు పారబోయడం నాకు మనసొప్పదు. తొడుగు మార్పించి, పైన అల్యూమినియం టేపు చుట్టించాను. అయినా మొదట వచ్చే చన్నీళ్లను బకెట్లో పట్టి గిన్నెలు తోమడానికి వాడతాం.

మాది బోరు నీళ్లు, కావేరి నీళ్లు కలిసిన సంపు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. గీజర్ లోపల కాయిల్‌కు అది తెల్లటి గారలా పడుతుంది. గార పట్టిన కాయిల్ కరెంటు ఎక్కువ తింటుంది, నీళ్లు మాత్రం ఆలస్యంగా కాగుతాయి. ఏటా నవంబర్‌లో ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెయిన్ ఆపించి, గీజర్ విప్పించి గార తీయిస్తాను. లోపల మెగ్నీషియం రాడ్డు ఒకటి ఉంటుంది, దాన్ని చూడమని మనమే అడగాలి. ట్యాంకుకు బదులు తాను తుప్పుకు కరిగిపోవడమే దాని పని. అది పూర్తిగా అరిగిపోయిందంటే తర్వాతి వంతు ట్యాంకుదే. థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పకుండా 55 డిగ్రీల దగ్గర ఉంచితే గార కూడా తక్కువ పడుతుంది. గీజర్‌కు 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి. ఎర్తింగ్ సరిగా ఉందో చూడాలి. కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే ఆర్‌సీసీబీ అనే స్విచ్ బోర్డులో ఉంటుంది, దానికి 'టెస్ట్' అని చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే కరెంటు టక్కున పోవాలి. పోకపోతే అది పనిచేయనట్టే, ఆ రోజే మార్పించండి. పీజీల్లో ఉండే పిల్లలు బకెట్లో రాడ్డు పెట్టుకుంటారు. నాన్నా, అమ్మా, స్విచ్ ఆపి ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టుకోండి.

గీజర్ల మాటల్లో నాకు అన్నిటికంటే భయం గ్యాస్ గీజర్ అంటే. పైవాటాలో ఒక చిన్న జంట, ఏడాది నిండని పాపతో దిగారు. కరెంటు బిల్లు తగ్గుతుందని గ్యాస్ గీజర్ తెచ్చుకుని బాత్రూమ్ లోపలే బిగించుకున్నారు. నేను లీకేజీ చూడ్డానికి పైకి వెళ్తే, చల్లగాలి వస్తోందని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టి ఉంది. నాకు ఒళ్లు జలదరించింది. గ్యాస్ మండాలంటే ఆక్సిజన్ కావాలి. మూసిన చిన్న గదిలో అది తగ్గేకొద్దీ మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం. స్నానం చేస్తున్న మనిషి నీరసం అనుకుంటాడు, తలుపు తీసే ఓపిక కూడా లేకుండా పడిపోతాడు. చలికాలం వస్తే ఇలాంటి చావుల వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం.

ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. "మంట బాగానే వస్తోంది కదా ఆంటీ, వాసన కూడా రావట్లేదు" అంది. గ్యాస్ లీకైతే వాసన తెలుస్తుంది తల్లీ, ఇది గ్యాస్ కాలాక వచ్చేది, దీనికి వాసన ఉండదు అని మళ్లీ వివరించాను. పాపకు కూడా అక్కడే స్నానం చేయిస్తారని గుర్తు చేశాను. ఆ సాయంత్రమే ఆమె భర్త కిందికి వచ్చి, ఎక్కడ పెట్టుకోమంటారో చెప్పండి అన్నాడు. గీజర్‌ను, సిలిండర్‌ను వెనక గాలి ఆడే యుటిలిటీ బాల్కనీలోకి మార్పించి, అక్కడి నుంచి గోడలోంచి పైపు తీయించాం. ప్లంబర్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఇల్లు నాది, అద్దె తీసుకుంటున్నాను, ఆ గోడల మధ్య ఉండే మనుషుల బాధ్యత నాకూ ఉంది. ఇంటి యజమానులు దయచేసి ఒక్కసారి పైకి వెళ్లి చూడండి. గీజర్ ఎక్కడుంది, వెంటిలేటర్ తెరిచి ఉందా, ఈ రెండూ చూస్తే చాలు.

మా అత్తమ్మతో కుంపటి విషయంలోనూ ఇదే వాదన. వాళ్ల ఊరు హిందూపురం పక్కన పల్లె. "మా ఇంట్లో రాత్రంతా కుంపటి పక్కన పెట్టుకునే పడుకునేవాళ్లం అమ్మాయ్, మాకేమైంది?" అంటుంది.

"మీది మట్టి మిద్దె అత్తమ్మా. పైన కప్పులో గవాచి కంత ఉండేది, తలుపుల సందుల్లోంచి గాలి ఆడేది. ఈ స్లాబు ఇంట్లో కిటికీలు మూస్తే పొగ ఎటు పోతుంది?"

నిప్పులు పొగ రాకుండా ఎర్రగా ఉన్నా ఆ విషవాయువు వస్తూనే ఉంటుంది. పైగా ఆమె ఊపిరితిత్తులకు పొగే పడదు. ఇప్పుడు తలంటు రోజున సాంబ్రాణి వేయాలంటే వెనక వసారాలో వేసి, నిప్పులు అక్కడే ఆర్పేస్తాం. ఆమె కాళ్లకు వెచ్చదనం కావాలంటే రబ్బరు సంచిలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి ఇస్తాను. మంచం పక్కన కొబ్బరిపీచు చాప పరిచాను, పొద్దున లేవగానే పాదాలు చల్లటి టైల్స్ మీద పడకుండా.

బట్టల పని నాకు ఇష్టమైన పని. కార్తీకమాసం ఆఖరి సోమవారం బసవనగుడిలో వేరుశనగకాయల పరిషె, అంటే జాతర, జరుగుతుంది. ఆ రోజుల్లో ఎండ కాస్త తేరుకుంటుంది. పాత చీరలతో అత్తమ్మ కుట్టిన బొంతలు, ఆమె పుట్టింటి నల్ల కంబళి మిద్దె మీదికి చేరతాయి. పొద్దెక్కాక వేసి, మధ్యాహ్నం ఒకసారి తిప్పి, మూడున్నరలోపే తీసేయాలి. సాయంత్రం మంచు దిగితే అవి మళ్లీ తేమను పీల్చుకుంటాయి. దిండు గలీబులు, దుప్పట్లు బాగా వేడినీళ్లతో ఉతకాలి, 60 డిగ్రీల వేడికి ధూళిపురుగులు చస్తాయి. ఉబ్బసానికి దుప్పట్లలోని ఆ పురుగులూ కారణమే. పట్టుచీరలను మాత్రం ఎండలో వేయను. గదిలో తీగ కట్టి, ఫ్యాను కింద నీడలో ఆరనిచ్చి, మడతలు మార్చి, పాత నూలు పంచెల్లో చుట్టి పెడతాను. ప్లాస్టిక్ కవర్లలో పెడితే లోపలి చెమ్మకు బయటికి దారి ఉండదు. ఎండిన వేపాకును చిన్న గుడ్డ సంచుల్లో కట్టి మధ్యమధ్య ఉంచుతాను.

ఇవన్నీ ఒకసారి చేసే పనులు. రోజూ చూసుకోవాల్సింది కిటికీలు. పొగమంచు ఉన్న పొద్దుటి పూట తెరిస్తే తేమగాలే లోపలికి వస్తుంది. పదిన్నర, పదకొండుకు ఎండ ముదిరాక ఉత్తరం కిటికీ, దానికి ఎదురుగా దక్షిణం తలుపు రెండూ తెరుస్తాను. ఆ పొడిగాలి ఇల్లంతా ఒక చుట్టు చుట్టి పోవాలి. మూడు, మూడున్నర దాకా అలాగే ఉంచి, సాయంత్రం దోమలు రాకముందే మూసేస్తాను. అన్నం వండేటప్పుడు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వంటింటి తలుపు దగ్గరగా వేయాలి. స్నానాలయ్యాక బాత్రూమ్ తలుపు మూసి, లోపల ఫ్యాను కాసేపు తిరగనివ్వాలి. మబ్బు రోజుల్లో బట్టలు గదుల్లో ఆరేసే అలవాటు మానుకోవడం కష్టమే. కానీ పిండినా బట్టల్లో మిగిలిన నీళ్లన్నీ ఆ గది గాలిలోకే చేరతాయి, రాత్రికి గోడ మీద దిగుతాయి. మేము వాటిని వెనక వసారాలో రేకు కింద ఆరేస్తాం. ఆరడానికి ఇంకో రోజు పడితే పట్టనీ.

వీధిలోకి అనపకాయల బండ్లు వచ్చేసరికి ఈ పనులన్నీ ముగించాలని నా ప్రయత్నం. ఆ తర్వాత సాయంత్రాలు అనపగింజల తోలు పితికి తీసే పితికిపప్పు కోసం కూర్చుంటే వేరే పనికి చేతులు ఖాళీ ఉండవు. ఈ ఏడు అత్తమ్మ కూడా తన గదిలోనే, ఆ ఉత్తరం కిటికీ దగ్గరే కూర్చుని పప్పు పితికింది. గదిలో ఆ పాత వాసన లేదు. రాత్రి దగ్గు పూర్తిగా పోయిందనను, మబ్బు రోజుల్లో వస్తూనే ఉంది. ఇన్‌హేలర్ మాత్రం నిరుటికంటే బాగా తక్కువగా వాడుతోంది.

మిగిలినవి రెండు పనులు, రెండూ కావాలనే ఆపాను. ఒకటి ఆ ఉత్తరపు గోడకు బయట కోటింగ్, లోపల పెయింటు. రెండోది తలుపులు. వానలకు మా వెనక తలుపు, దేవుడి గది తలుపు ఉబ్బి బిగుసుకుపోయాయి, గట్టిగా తోస్తే గానీ పడటం లేదు. చిత్రిక పట్టించేద్దామని మా ఆయన తొందర. చెక్క తడిలో ఉబ్బినప్పుడు చిత్రిక పట్టిస్తే, చలిగాలికి ఎండి అది మళ్లీ సన్నబడ్డాక అంచున వేలు దూరేంత సందు మిగులుతుంది, దాంట్లోంచి రాత్రంతా గాలి వస్తుంది. జనవరి చివరికి చెక్క దానంతటదే సర్దుకుంటుంది, అప్పటికీ బిగువుగా ఉన్నచోట మాత్రం గీయిస్తే సరిపోతుంది. గోడ కూడా అప్పటికి బాగా ఎండుతుంది. సంక్రాంతికి ఊరెళ్లే మేస్త్రీతో, వచ్చేటప్పుడు వడ్రంగిని కూడా వెంటబెట్టుకు రమ్మని ముందే చెప్పి ఉంచాను.